బాంజో భుజాన వేసుకుని

ఈ పుస్తకంలో నాకు అన్నిటికన్నా నచ్చింది మధ్యలో ఉన్న ఒక అధ్యాయం. అందులో పెద్ద సభలు లేవు, లక్షల్లో అమ్ముడుపోయిన రికార్డులు లేవు, అధ్యక్షుడి చేతుల మీదుగా అందుకున్న పతకాలు లేవు. సన్నగా, పొడుగ్గా ఉన్న ఒక మనిషి బాంజో తగిలించుకుని ఒక ఊళ్లో దిగుతాడు. అక్కడి బడిలోనో, చర్చి హాల్లోనో, వేసవి శిబిరంలోనో, కాలేజీలోనో కాసేపు జనం చేత పాడిస్తాడు. ఇచ్చింది పుచ్చుకుంటాడు. మర్నాటికి ఇంకో ఊరు. 1950లలోనూ ఆ తర్వాత చాలాకాలమూ అమెరికా జానపద గాయకుడు పీట్ సీగర్ బతుకు ఇదే. జీవితచరిత్రలు రాసేవాళ్లు ఇలాంటి భాగానికి ‘కష్టకాలం’ అని పేరు పెట్టి నాలుగు పేజీల్లో దాటేస్తారు. ఈ పుస్తకం రాసిన అమ్మాయి మాత్రం అక్కడే చాప వేసుకుని కూర్చుంది. ఏ బడి, ఏ ఊరు, ఏ పాట, పిల్లలు ఎక్కడ అందుకున్నారు, ఎక్కడ తడబడ్డారు అని ఓపిగ్గా రాసింది.

అమెరికాలో టెలివిజన్ అప్పుడప్పుడే ఇంటింటికీ చేరుతున్న రోజులవి. కమ్యూనిస్టన్న ముద్ర వేసి ఆ తెర మీదికి సీగర్‌ను రానివ్వకూడదనుకున్నవాళ్లు దాంతో అతని నోరు కట్టేశామనుకున్నారు. జరిగింది వేరు. పెద్ద వేదికలు దక్కకపోయేసరికి అతను చిన్న బడుల గడప తొక్కాడు. అక్కడ పాట నేర్చుకున్న పిల్లలు పదేళ్లు తిరిగేసరికి కాలేజీలకు వచ్చారు. 1960లలో గిటార్లు పట్టుకుని యుద్ధం వద్దని, నల్లవాళ్లకు ఓటు కావాలని పాడినవాళ్లలో ఆ పిల్లలున్నారు. అంటే నిషేధించినవాళ్లే అతనికి ఒక తరం శ్రోతల్ని పెంచి అప్పగించారు. పుస్తకానికి వెన్నెముక ఇదేనని నా ఉద్దేశం. రచయిత్రి ఈ మాట ఎక్కడా గొంతెత్తి చెప్పలేదు. చెప్పనక్కర్లేకుండా రాసింది.

సీగర్ 1919 మే 3న న్యూయార్క్‌లో పుట్టాడు. పల్లెటూరివాడు కాదు, లేనింటి బిడ్డా కాదు. తండ్రి చార్లెస్ సంగీత శాస్త్రవేత్త, తల్లి కాన్‌స్టన్స్ వయొలిన్ విద్వాంసురాలు. మొదటి ప్రపంచ యుద్ధాన్ని కాదన్నందుకు తండ్రికి కాలిఫోర్నియాలో ప్రొఫెసర్ కొలువు పోయింది. పీట్ చంకబిడ్డగా ఉండగా ఆ దంపతులు సొంతంగా ఒక ఇంటిబండి తయారుచేసుకుని కారుకు తగిలించి దక్షిణాది పల్లెలకు బయలుదేరారు. పల్లె జనానికి మంచి సంగీతం వినిపించాలని వాళ్ల తాపత్రయం. ఆ జనం మర్యాదగా విని, తర్వాత తమ బాంజోలూ ఫిడేళ్లూ బయటికి తీశారట. మా దగ్గరా సంగీతం ఉందమ్మా, వినండి అని! ఈ ముచ్చటను రచయిత్రి రెండో పేజీలోనే పెట్టడం ఆమె తెలివి. తల్లిదండ్రులు పాట ఇవ్వడానికి వెళ్లి వెనుదిరిగిన దారిలోనే కొడుకు పాట అడగడానికి వెళ్లాడు.

అతనికి బాంజో తగిలింది 1936లో, నార్త్ కరోలినాలోని ఆష్‌విల్ జానపద ఉత్సవంలో. ఐదు తీగల వాద్యం అది. ఐదో తీగ పొట్టిది, దండి మధ్యలో మొదలవుతుంది. బొటనవేలితో మీటుతూ ఉంటే ఒకే స్వరం శ్రుతిలా వెనక పలుకుతూ ఉంటుంది. ఆఫ్రికా నుంచి బానిసలుగా తెచ్చిన మనుషుల వెంట వచ్చిన వాద్యం, కొండ ప్రాంతాల తెల్ల రైతుల చేతుల్లో కుదురుకుంది. సీగర్ 1938లో హార్వర్డ్ చదువు మధ్యలో వదిలేశాడు. కొన్నాళ్లు వాషింగ్టన్‌లో లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ జానపద గీతాల భాండాగారంలో జానపద గీతాల సేకర్త అలన్ లోమాక్స్ దగ్గర పని చేశాడు. వందలకొద్దీ రికార్డులు విని, ఏది దాచాలో ఏది అక్కర్లేదో ఏరడం ఆ పని. ఆ కొలువే అతనికి అసలు విశ్వవిద్యాలయమయింది.

1940 మార్చి 3న న్యూయార్క్‌లో వలస కూలీల సహాయార్థం జరిగిన సభలో పాటగాడు ఉడీ గథ్రీ పరిచయమయ్యాడు. ఓక్లహామా దుమ్ము తుపానుల నేల నుంచి వచ్చినవాడు గథ్రీ. ఇద్దరూ కలిసి పడమటి దారి పట్టారు. చేతిలో పైసా లేకుండా ఎలా బతకాలో గథ్రీ నేర్పిన పద్ధతిని రచయిత్రి రుచిగా చెప్పింది. బాంజో వీపున వేసుకుని సారాకొట్టులోకి వెళ్లు, ఒక బీరు కొనుక్కో, మెల్లగా తాగు. ఎవడో ఒకడు అది వాయించగలవా అని అడుగుతాడు. అడగ్గానే ఎగబడకు, ఏదో కొద్దిగా వచ్చులే అను. వాడు డబ్బు తీసి బల్ల మీద పెట్టేదాకా ఆగి, అప్పుడు నీకున్నవాటిలో మంచి పాట ఎత్తుకో. మన పగటివేషాల వాళ్లకు, బుర్రకథ దళాలకు ఈ లౌక్యం ఒకరు నేర్పనక్కర్లేదు. హార్వర్డ్ కుర్రాడికి నేర్పాల్సి వచ్చింది.

ఇక్కడ నాకు రచయిత్రితో చిన్న పేచీ ఉంది. 1941లో సీగర్, గథ్రీ, లీ హేస్ మొదలైనవాళ్లు ఆల్మనాక్ సింగర్స్ అనే దండు కట్టి కార్మిక సంఘాల సభల్లో పాడారు. ఆ ఏడాది వసంతంలో వచ్చిన వాళ్ల మొదటి ఆల్బమ్ అమెరికా యుద్ధంలోకి దిగకూడదని పాడింది. జూన్‌లో హిట్లర్ సోవియట్ యూనియన్ మీద పడ్డాడు. ఆ పాటలు మూలన పడ్డాయి, కొద్ది నెలల్లో అవే గొంతులు హిట్లర్‌ను మట్టుపెట్టాలని పాడాయి. పాట ఎవరి మాట మీద దిశ మార్చుకుంది అన్న ప్రశ్న ఇక్కడ వేసి తీరాలి. రచయిత్రి ఒక్క పేరాలో సర్దేసింది. సీగర్ 1942లో కమ్యూనిస్టు పార్టీలో చేరాడు, ఆ దశాబ్దం చివర్లో బయటికి వచ్చాడు. స్టాలిన్ విషయంలో తను కళ్లు మూసుకున్నానని తర్వాత తనే రాసుకున్నాడు. 2007లో, ఎనభై ఎనిమిదేళ్ల వయసులో, స్టాలిన్ క్రూరత్వం మీద పాట కూడా కట్టాడు. చాలా ఆలస్యమయిందన్న విమర్శ న్యాయమైనదే. అభిమానించే మనిషి గురించి రాసేటప్పుడు ఇలాంటి చోట కలం ఇంకాస్త గట్టిగా ఒత్తాలి.

యుద్ధకాలంలో సైన్యంలో పని చేసి తిరిగి వచ్చాక, పీక్‌స్కిల్ సంఘటన. 1949 సెప్టెంబరులో న్యూయార్క్‌కు ఉత్తరాన ఆ ఊరి దగ్గర నల్లజాతి గాయకుడు పాల్ రోబ్సన్ సభ జరిగింది. సభ ముగించుకుని వెళ్తున్న కార్ల మీద దారి పొడవునా రాళ్లు రువ్వారు. సీగర్ కారులో భార్యా పసిపిల్లలూ ఉన్నారు. అద్దాలు పగిలాయి. అప్పట్లోనే అతను హడ్సన్ నది ఒడ్డున బీకన్ ఊరి కొండ మీద కాస్త నేల కొని, పుస్తకాలు చదివి నేర్చుకుని, దుంగలతో సొంత చేతుల మీద ఇల్లు కట్టుకుంటున్నాడు. కారులో పడిన రాళ్లను పారేయకుండా ఆ ఇంటి పొగగొట్టం కట్టుబడిలో కలిపేశాడు. ఈ ఒక్క పనితో మనిషి ఎలాంటివాడో తెలిసిపోతుంది.

తర్వాతి ఘట్టం వీవర్స్. రానీ గిల్బర్ట్, లీ హేస్, ఫ్రెడ్ హెలర్‌మన్, సీగర్, ఈ నలుగురి బృందం లెడ్ బెల్లీ పాడిన ఐరీన్ పాటను 1950లో రికార్డు చేస్తే అది 13 వారాలు దేశంలో మొదటి స్థానంలో నిలబడింది. నల్లజాతి గాయకుడు లెడ్ బెల్లీ అంతకు కొన్ని నెలల ముందే, 1949 డిసెంబరులో కన్నుమూశాడు. ఆ విజయం అతను చూడలేదు. వీవర్స్ వైభవం కూడా ఎన్నాళ్లో నిలవలేదు. కమ్యూనిస్టులన్న ముద్ర పడింది. హోటళ్లు, రేడియోలు, టెలివిజన్ ఒకటొకటిగా తప్పుకున్నాయి. 1952కల్లా బృందం చెదిరింది. 1955 డిసెంబరులో కార్నెగీ హాల్లో మళ్లీ కలిశారు గానీ, 1958లో ఒక సిగరెట్ ప్రకటనకు పాడదామని మిగతా ముగ్గురూ అన్నప్పుడు సీగర్ బయటికి వచ్చేశాడు.

ఇక 1955 ఆగస్టు 18. అమెరికా వ్యతిరేక కార్యకలాపాల విచారణ కమిటీ ముందు అతన్ని నిలబెట్టారు. అప్పట్లో ఈ బోనెక్కినవాళ్లకు ఒక దారి ఉండేది. నా మాటే నాకు ఎదురు సాక్ష్యమవుతుందని రాజ్యాంగం ఐదో సవరణను అడ్డుపెట్టుకుని మౌనంగా ఉండొచ్చు, జైలు తప్పుతుంది. సీగర్ ఆ దారి పట్టలేదు. నా నమ్మకాలు, నా ఓటు, నా స్నేహాలు ఏ అమెరికన్‌నూ ఇలా బలవంతంగా అడగదగినవి కావన్నాడు. నేను పాడిన పాటల గురించి అడగండి, కావాలంటే ఇక్కడే పాడతానన్నాడు. కమిటీకి పాట అక్కర్లేకపోయింది. ఎవరి ముందు, ఏ సభలో పాడావన్నదే వాళ్లకు కావాలి. 1957లో పది నేరారోపణలు మోపారు. 1961లో శిక్ష పడింది. ఒక్కో దానికి ఏడాది చొప్పున పదీ ఒకేసారి అనుభవించాలి. 1962 మేలో పై కోర్టు ఆరోపణ పత్రంలోని లోపం చూపించి శిక్ష కొట్టేసింది. అంటే ఇంచుమించు ఏడేళ్లు కేసు నెత్తిన వేలాడుతుండగానే ఈ మనిషి ఊరూరా తిరిగి పిల్లల చేత పాడించాడు.

ఎలా పాడించాడో కాస్త చెప్పాలి. గడ్డం పైకెత్తి, తల వెనక్కి వాల్చి, ఎదుటివాళ్ల నోళ్ల నుంచి పాట లాగుతున్నట్టుగా పాడేవాడు. తర్వాతి పాదం జనానికి తెలియదు కాబట్టి వాళ్లు ఈ పాదం ముగించేలోపే వచ్చే పాదాన్ని మాటగా అందించేవాడు. మన భజన గోష్ఠుల్లో ముందు పాడేవాడు వెనకవాళ్లకు అందించినట్టు. మగవాళ్లను కింది స్వరంలో, ఆడవాళ్లను పై స్వరంలో విడగొట్టి, అయిదు నిమిషాల్లో ముక్కూమొహం తెలియని జనం చేత వేరువేరు స్వరాల్లో పాడించేవాడు. పాట అందుకోగానే తన గొంతు తగ్గించేవాడు. గొప్ప గాత్రం కాదు అతనిది, ఆ సంగతి అతనికీ తెలుసు. వేదిక మీద ఉన్నవాడు పాడుతుంటే కింద ఉన్నవాళ్లు వినడమే సంగీతమని అనుకునే అలవాటు రేడియోతో వచ్చింది. దాన్ని చెడగొట్టాలన్నదే అతని పట్టుదల. పెద్ద కళాకారుల విద్వత్తుకు చెయ్యెత్తి మొక్కేవాణ్నే అయినా, ఈ పట్టుదల ముందు నేను ఇంకాస్త ఎక్కువ వంగుతాను.

తిరుగుడుకూ ఒక ఉపాయం ఉండేది. ఊళ్లోకి వచ్చి, స్థానిక రేడియోలో రెండు పాటలు పాడి, సాయంత్రం సభ ముగించి, నిరసన జెండాలు పట్టుకునేవాళ్లు పోగయ్యేలోపే ఊరు దాటేయడం. గెరిల్లా యుద్ధం అని తనే నవ్వుతూ చెప్పుకున్నాడు. ఇంకోపక్క పాటను చేతికిచ్చే పని. 1948లోనే బాంజో ఎలా వాయించాలో ఒక పుస్తకం రాసి సొంతంగా సైక్లోస్టైల్ చేయించాడు. దేశంలో సగం మంది బాంజో వాద్యకారులు దాంతోనే మొదలుపెట్టారంటే అతిశయోక్తి కావచ్చు, అబద్ధం మాత్రం కాదు. మోజెస్ ఆష్ అనే ఒంటరి మనిషి నడిపిన ఫోక్‌వేస్ సంస్థ అతని రికార్డులు డజన్ల కొద్దీ వేసింది. అమ్మకాలు తగ్గినా జాబితాలోంచి ఏ రికార్డునూ తీసేయకపోవడం ఆష్ నియమం. పెద్ద కంపెనీలు ముట్టుకోని గాయకుడు అలా గ్రంథాలయాలకు, బడులకు చేరాడు.

అతను రాసిన పాటల దగ్గరికి వస్తే, నిషేధంలోని తమాషా ఇంకా బాగా కనిపిస్తుంది. లీ హేస్‌తో కలిసి 1949లో రాసిన సుత్తి పాటను 1962లో పీటర్, పాల్ అండ్ మేరీ దేశమంతా మోగించారు. షోలోఖోవ్ డాన్ నది నవలలో ఒక కొసాకుల లాలిపాట ప్రస్తావన చదివి 1955లో పూల గురించి మూడు చరణాలు కట్టాడు. జో హికర్సన్ అనే కుర్రాడు ఇంకొన్ని చరణాలు చేర్చి పాటను గుండ్రంగా తిప్పి మొదటికి తెచ్చాడు. ఆ పూల పాటను మార్లీన్ డీట్రిచ్ జర్మన్‌లో పాడింది. బైబిల్‌లోని ప్రసంగి గ్రంథానికి కట్టిన బాణీని 1965లో బర్డ్స్ బృందం మొదటి స్థానానికి తీసుకుపోయింది. మనిషికి టెలివిజన్ గడప దాటే వీల్లేదు, అతని పాటలేమో ఇతరుల గొంతుల్లో అదే టెలివిజన్‌లో, అదే రేడియోలో!

మన పిల్లలు బడిలో పాడుకునే ‘హమ్ హోంగే కామ్‌యాబ్’ సంగతి చాలామంది తెలుగువాళ్లకు ఈ పుస్తకం చదివితేనే తెలుస్తుంది. దానికి మూలం నల్లవాళ్ల చర్చిలో పుట్టిన ఇంగ్లిష్ పాట. సౌత్ కరోలినాలో పొగాకు కార్మిక స్త్రీల సమ్మెలో రూపు మారింది. టెనసీలోని హైలాండర్ పాఠశాలలో జిల్ఫియా హార్టన్ నేర్చుకుంది. ఆమె దగ్గర సీగర్ నేర్చుకుని కొత్త చరణాలతో ఊళ్లకు మోశాడు. గాయకుడు గై కరవాన్ 1960లో నల్ల విద్యార్థులకు నేర్పాడు. ఆ మీదట పౌరహక్కుల ఉద్యమానికి అదే గీతమయింది. మనకు కవి గిరిజాకుమార్ మాథుర్ హిందీలో అందించాడు. ఇన్ని చేతులు మారిన పాటకు సీగర్ తానే కర్తనని చెప్పుకోలేదు. హక్కుల మీద వచ్చే సొమ్ము నల్లవాళ్ల సంస్కృతి పనులకు వెళ్లేలా నిధి ఏర్పాటయింది. 1963లో భార్యాపిల్లలతో ప్రపంచయాత్రకు బయలుదేరినప్పుడు మన దేశానికీ వచ్చాడు. గాంధీజీ ప్రార్థనల్లోని రామభజన నేర్చుకుని తన కచేరీల్లో పాడాడు.

సోలమన్ లిండా విషయంలో మాత్రం లెక్క ఇంత శుభ్రంగా లేదు. దక్షిణాఫ్రికాకు చెందిన ఈ జూలూ గాయకుడు 1939లో చేసిన రికార్డు విని, మాట సరిగా వినబడక ‘విమోవే’ అని రాసుకుని వీవర్స్ పాడారు. సింహం పాటగా అది లోకమంతా తిరిగి డబ్బు కురిపించింది. లిండా బీదవాడిగానే చనిపోయాడు. సీగర్ వెయ్యి డాలర్లు పంపించాడు, రావాల్సిన వాటా లిండాకే పంపాలని చెప్పాడు, అది సరిగా చేరిందో లేదో పట్టించుకోలేదు. రచయిత్రి ఇక్కడ దాచకుండా రాసింది, మెచ్చుకుంటున్నాను. జానపదం ఎవరి సొత్తూ కాదనే మాట వినసొంపుగా ఉంటుంది గానీ, పాడినవాడి ఇంట్లో పొయ్యి వెలగనప్పుడు ఆ మాట అనే హక్కు కొనుక్కున్నవాడికి ఉండదు.

1965 న్యూపోర్ట్ జానపద ఉత్సవంలో బాబ్ డిలన్ ఎలక్ట్రిక్ గిటార్ పట్టుకుంటే సీగర్ గొడ్డలితో మైకు తీగలు నరకబోయాడనే కథను రచయిత్రి అరపేజీలో తేల్చేసింది. గోల ఎక్కువై మాటలు వినపడలేదన్నదే తన కోపమని అతను చెప్పుకున్నాడు. దాని మీద ఇంతకన్నా కాగితం దండగ.

జాతీయ టెలివిజన్‌లోకి మళ్లీ అడుగుపెట్టింది 1967 సెప్టెంబరులో, స్మదర్స్ బ్రదర్స్ కార్యక్రమంలో. పదిహేడేళ్ల తర్వాత వచ్చిన అవకాశం. ఇంకొకరైతే తీయని పాట పాడి ఇంటికి వెళ్లేవాళ్లు. అతను వియత్నాం యుద్ధాన్ని, అధ్యక్షుణ్ని వేలెత్తి చూపే బురద నది పాట పాడాడు. ప్రసార సంస్థ సీబీఎస్ దాన్ని కత్తిరించింది. గొడవ పత్రికలకెక్కింది. 1968 ఫిబ్రవరిలో అదే కార్యక్రమంలో అదే పాట పాడితే ప్రసారం చేయక తప్పలేదు.

యాభై ఏళ్ల వయసులో అతను పడవ ఎక్కాడు. కిటికీలోంచి కనబడే హడ్సన్ నది మురికికూపమైపోయింది. ఊరి జనం చేత పాడించి చందాలు పోగుచేసి, పాతకాలపు నమూనాలో 106 అడుగుల తెరచాప పడవ కట్టించాడు. ‘క్లియర్‌వాటర్’ అని పేరు. 1969లో నీళ్లలోకి దిగింది. రేవు రేవునా ఆగడం, పాడడం, పిల్లలకు నీటి సంగతి చెప్పడం. 1972లో శుద్ధజల చట్టం చర్చకొచ్చినప్పుడు ఆ పడవ సంతకాలు మోసుకుని వాషింగ్టన్ దాకా వెళ్లింది. బడుల చుట్టూ తిరిగిన రోజుల్లో నేర్చిన పనే ఇదీ, ఈసారి నీటి దారిలో.

అతని భార్య తోషి గురించి రాసిన అధ్యాయం ఈ పుస్తకానికి గౌరవం తెచ్చింది. తండ్రి జపానీయుడు, తల్లి అమెరికన్. జపాన్‌తో యుద్ధం జరుగుతుండగా, అమెరికా పడమటి తీరంలో జపానీయులను నిర్బంధ శిబిరాల్లో పెట్టిన కాలంలో, 1943లో పీట్‌ను పెళ్లాడింది. కరెంటు లేని, కుళాయి లేని ఆ కొండ ఇంట్లో పిల్లల్ని పెంచింది. ఎవరికి ఎప్పుడు ఎక్కడ పాడాలో తేదీలు చూసింది, ఉత్తరాలు రాసింది, లెక్కలు చూసింది, ఉత్సవాలు నడిపింది. దేశదిమ్మరి గాయకుడని మనం మురిసిపోయేవాళ్లందరి వెనకా ఇలాంటి ఒకరుంటారు, వాళ్ల పేరు పోస్టర్ మీద ఉండదు. ఆమె 2013 జులైలో, పెళ్లయి డెబ్బై ఏళ్లు నిండడానికి కొద్ది రోజుల ముందు వెళ్లిపోయింది. ఆర్నెల్ల తర్వాత, 2014 జనవరి 27న, తొంభై నాలుగేళ్ల వయసులో పీట్ వెళ్లాడు.

చివరి రోజుల గౌరవాలన్నీ పుస్తకంలో ఉన్నాయి. 1994లో కెనెడీ సెంటర్ సత్కారం, 2009లో లింకన్ స్మారకం మెట్ల మీద ఒబామా ప్రమాణస్వీకార ఉత్సవంలో గథ్రీ పాటను, సాధారణంగా వదిలేసే చరణాలతో సహా పాడడం. ఒకప్పుడు బోనెక్కించిన రాజ్యమే వేదికెక్కించింది. నన్ను మాత్రం ఇంకో సంగతి ఆకట్టుకుంది. 2011లో తొంభై ఒక్క ఏళ్ల వయసులో అందుకున్న గ్రామీ, బీకన్ బడిపిల్లలతో కలిసి పాడిన ఆల్బమ్‌కు వచ్చింది.

రచయిత్రి భాష తేట. పాటల తర్జుమా కోసం వెంపర్లాడకుండా ఏ పాట ఏం చేసిందో చెప్పడం మంచి నిర్ణయం. పేర్ల ఉచ్చారణ ఒకటి రెండు చోట్ల అధ్యాయానికో తీరుగా ఉంది, వాటిని సరిచూడాలి. రెండో ముద్రణలో ఆల్మనాక్ అధ్యాయాన్ని పెంచాలని, కనీసం పది పాటలకు స్వరాలు చేర్చాలని నా కోరిక. బడుల్లో పాటలు నేర్పే పంతుళ్లు, పంతులమ్మలు ఎక్కడున్నా ఈ పుస్తకం ముందు వాళ్ల చేతికి వెళ్లాలి. కొన్నవాళ్లు చదివాక అలాంటి ఒకరికి ఇవ్వండి.